ఎవరి మీద గెలిచావు?

స్కోరు బోర్డు పరుగులు చెబుతుంది, పాయింట్ల పట్టిక గెలుపులు చెబుతుంది. ఎదుట నిలబడ్డ జట్టు ఎంత గట్టిదో రెండూ చెప్పవు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కోట్ల డాలర్ల తగువు దీని మీదే నడుస్తుంది. హైదరాబాద్ క్రికెట్ ఎత్తుపల్లాలకూ, నల్గొండ, పాలమూరు కుర్రాళ్లు జిల్లా దాటలేకపోవడానికీ ఇందులోనే ఒక సమాధానం ఉంది.

రంజీ ట్రోఫీలో హైదరాబాద్ బ్యాటర్ చేసిన అతిపెద్ద స్కోరు 366. ఆ అంకెకు ఇద్దరు హక్కుదారులున్నారు.

మొదటివాడు డాక్టర్ ఎం.వి.శ్రీధర్. 1993-94 సీజన్‌లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర జట్టు మీద పదకొండు గంటలకు పైగా క్రీజులో నిలిచి 366 కొట్టాడు. ఆ మ్యాచ్‌లో వివేక్ జైసింహా, నోయెల్ డేవిడ్ కూడా డబుల్ సెంచరీలు చేశారు. హైదరాబాద్ 6 వికెట్లకు 944 దగ్గర డిక్లేర్ చేసింది. రంజీ చరిత్రలో అంతకు మించిన జట్టు స్కోరు లేదు.

రెండోవాడు తన్మయ్ అగర్వాల్. 2024 జనవరి 26న హైదరాబాద్ నెక్స్‌జెన్ మైదానంలో అరుణాచల్ ప్రదేశ్ 172 పరుగులకే ఆలౌటైంది. ఆ తర్వాత బ్యాటు పట్టిన తన్మయ్ 147 బంతుల్లో మూడు వందలు దాటాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అంత వేగంగా ట్రిపుల్ సెంచరీ ఎవరూ చేయలేదు. దక్షిణాఫ్రికా ఆటగాడు మార్కో మరే 2017లో 191 బంతుల్లో నెలకొల్పిన రికార్డు చెరిగిపోయింది. మొదటి రోజు ఆట ముగిసేసరికి హైదరాబాద్ స్కోరు 48 ఓవర్లలో 1 వికెట్‌కు 529. మర్నాడు తన్మయ్ 366 దగ్గర అవుటయ్యాడు. ఆడినవి 181 బంతులు, కొట్టిన సిక్సర్లు 26.

రికార్డు పుస్తకంలో రెండు 366లూ పక్కపక్కనే ఉంటాయి. అయితే పాలమూరు పల్లెల్లో కప్పు గెలిచి ట్రాలీ ఆటోలో ఊరేగుతూ వచ్చే పోరగాళ్లను అరుగు మీది పెద్దమనిషి ముందుగా అడిగే మాట వేరు. ‘‘ఎవ్వల మీద గెలిచిన్రు రా?’’ పక్క ఊరి మీదా, మండలం హెడ్‌క్వార్టర్ మీదా, జిల్లా టీమ్ మీదా? జవాబును బట్టి ఆయన కళ్లలో మెచ్చుకోలు మారుతుంది. తన్మయ్ ప్రతిభను తక్కువ చేయనక్కర్లేదు. ఎంత బలహీనమైన బౌలింగయినా 26 సిక్సర్లు వాటంతట అవి పోవు. కానీ ఆ ఇన్నింగ్స్‌ను తూచాలంటే ఆ పెద్దమనిషి ప్రశ్నను తప్పించుకోలేం.

అంత పెద్ద జట్టు అరుణాచల్ ముందుకెలా వచ్చింది?

హైదరాబాద్ రెండుసార్లు రంజీ విజేత. 1937-38 ఫైనల్లో ఎడ్డీ ఐబారా అజేయంగా 137 కొట్టగా నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించింది. 1986-87లో ఎం.వి.నరసింహారావు కెప్టెన్సీలో ఢిల్లీని ఢిల్లీలోనే మట్టికరిపించింది. ఆ సీజన్‌లోనే అబ్దుల్ అజీమ్ తమిళనాడు మీద అజేయంగా 303 కొట్టాడు. 1999-2000 సెమీఫైనల్లో వి.వి.ఎస్.లక్ష్మణ్ అంతకు ముందు ఏడాది చాంపియన్ అయిన కర్ణాటక మీద, అదీ బెంగళూరులో, 353 చేశాడు. ఆ సీజన్‌లో అతని మొత్తం పరుగులు 1,415.

అప్పట్లో రంజీ మండలాల వారీగా జరిగేది. దక్షిణ మండలంలో హైదరాబాద్‌కు కర్ణాటక, తమిళనాడు, కేరళ, ఆంధ్ర, గోవా ఎదురయ్యేవి. మొదటి రెండూ కొరకరాని కొయ్యలు. మిగతావి అప్పటికి ఇంకా నిలదొక్కుకోని జట్లు. అంటే ఒకే సీజన్‌లో రెండు రకాల పరీక్ష. ఆంధ్ర మీద 944 కొట్టి మురిసిపోయినా, చెన్నై వెళ్లేసరికి అసలు సంగతి తెలిసిపోయేది.

2002-03 నుంచి మండలాలు పోయి పైన ఎలైట్, కింద ప్లేట్ అంటూ రెండు అంతస్తులు వచ్చాయి. 2018-19లో ఈశాన్య రాష్ట్రాలు, బిహార్, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి కలిపి తొమ్మిది కొత్త జట్లు చేరాయి. మొత్తం 37. ఆ ఏడాది కొత్త జట్ల మధ్య జరిగిన ప్లేట్ పోటీల్లో బిహార్ స్పిన్నర్ అశుతోష్ అమన్ 68 వికెట్లు తీసి, బిషన్ సింగ్ బేడీ 1974-75లో తీసిన 64 వికెట్ల రికార్డును దాటేశాడు. సిక్కిం తరఫున మిలింద్ కుమార్ 1,331 పరుగులు చేశాడు. పేపర్లు రాశాయి, అభిమానులు తల గోక్కున్నారు. 2024-25లో విదర్భ స్పిన్నర్ హర్ష్ దూబే ఎలైట్ జట్ల మీద 69 వికెట్లు తీసి అమన్ రికార్డును చెరిపేసినప్పుడు ఎవరూ తల గోక్కోలేదు.

2022-23లో హైదరాబాద్‌ది ఎలైట్ గ్రూపు. ఎదుట ముంబయి, సౌరాష్ట్ర, తమిళనాడు, మహారాష్ట్ర, ఢిల్లీ, అస్సాం, ఆంధ్ర. ఏడు మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. ఒకప్పుడు 944 పరుగులు సమర్పించుకున్న ఆంధ్ర ఆ ఏడాది క్వార్టర్‌ఫైనల్ ఆడింది. హైదరాబాద్ ప్లేట్‌లోకి జారిపోయింది. కథ తిరగబడ్డట్టు 2023-24లో నాగాలాండ్, మేఘాలయ, మిజోరం, సిక్కిం, అరుణాచల్ మీద పరుగుల వరద పారించి, ఉప్పల్‌లో జరిగిన ఫైనల్లో మేఘాలయను 5 వికెట్లతో ఓడించి ప్లేట్ గెలిచింది. మళ్లీ ఎలైట్‌లోకి వచ్చి 2024 అక్టోబర్‌లో సొంతగడ్డ మీదే గుజరాత్‌కు తలవంచింది. తర్వాత ఉత్తరాఖండ్ చేతిలోనూ ఓడింది.

ఈ మూడేళ్లలో హైదరాబాద్ ఆటగాళ్లు రాత్రికి రాత్రి పాడైపోయి, మళ్లీ రాత్రికి రాత్రి బాగుపడ్డారా? ఆటగాళ్లు దాదాపు వాళ్లే. మారింది ఎదుటి జట్ల వరుస.

పాయింట్లకు కళ్లుండవు

రంజీలో పూర్తి గెలుపుకు 6 పాయింట్లు. ఇన్నింగ్స్ తేడాతోనో పది వికెట్లతోనో గెలిస్తే 7. డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యానికి 3, రెండోవారికి 1. ముంబయిని ఓడించినా 6, అరుణాచల్‌ను ఓడించినా 6. ఈ లోపం తెలిసే బోర్డు జట్లను రెండు అంతస్తులుగా విడదీసింది. సమాన బలం ఉన్నవారు సమానులతో ఆడితే పాయింట్లకు విలువ ఉంటుందన్నది ఆలోచన.

కానీ అంతస్తుల మధ్య మెట్లు ఎత్తుగా ఉంటే ఏమవుతుందో మేఘాలయ చూపించింది. హైదరాబాద్‌తో పాటు ప్లేట్ ఫైనల్ ఆడి ఎలైట్‌కు వెళ్లిన ఆ జట్టు ముంబయి చేతిలో ఇన్నింగ్స్ 456 పరుగుల తేడాతో ఓడింది. మొదటి ఇన్నింగ్స్‌లో 2 పరుగులకే 6 వికెట్లు పోయాయి. మళ్లీ ప్లేట్‌కు దిగిపోయింది. దిగిన ఏడాదే, 2025 నవంబర్‌లో, మేఘాలయ ఆటగాడు ఆకాశ్ చౌదరి అరుణాచల్ మీద వరుసగా ఎనిమిది సిక్సర్లు కొట్టి 11 బంతుల్లో అర్ధ సెంచరీ చేశాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అదే అతివేగం. ముంబయి ముందు కుప్పకూలిన జట్టే అరుణాచల్ ముందు ప్రపంచ రికార్డు రాసింది.

బాదేపల్లి మార్కెట్ యార్డుకు పల్లీల బస్తా తెచ్చిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. గింజ ఎంత మంచిదైనా, అవతలి తట్టలో పెట్టిన రాయి సరైనది కాకపోతే తూకానికి అర్థం లేదు.

అమెరికాలో ఇదో శాస్త్రం

ఈ రాయి గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా కొట్టుకునేది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ వాళ్లు. అది మన సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని దూసుకెళ్లే ఆట. డాలస్, అట్లాంటాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు శనివారం వస్తే తమ యూనివర్సిటీ రంగు టీషర్టు వేసుకుని టీవీ ముందు కూర్చునేది దీనికోసమే.

అక్కడ యూనివర్సిటీలు కాన్ఫరెన్స్‌లనే సమూహాలుగా ఉంటాయి. సీజన్‌లో ప్రతి జట్టుకూ 12 మ్యాచ్‌లు. అందులో ఎనిమిదో తొమ్మిదో సొంత కాన్ఫరెన్స్ లోపల. వాటిని కాన్ఫరెన్సే ఖాయం చేస్తుంది. మిగిలిన మూడో నాలుగో మ్యాచ్‌లు బయటి జట్లతో. వాటిని ఎవరితో ఆడాలో ఆ యూనివర్సిటీయే ఎంచుకుంటుంది, ఏళ్ల ముందే ఒప్పందాలు రాసుకుంటుంది. అసలు తెలివితేటలు పనిచేసేది ఈ మూడు నాలుగు మ్యాచ్‌ల దగ్గరే.

పెద్ద యూనివర్సిటీకి రెండు దారులు. చిన్న జట్టును డబ్బిచ్చి తన స్టేడియానికి పిలిపించుకుని సునాయాసంగా గెలవొచ్చు. టికెట్లు అమ్ముడవుతాయి, పట్టికలో గెలుపు పడుతుంది, కొత్త కుర్రాళ్లకు ఆడే అవకాశం దొరుకుతుంది. లేదా తనంతటి జట్టుతో తలపడొచ్చు. ఓడితే మచ్చ, గెలిస్తే ఏడాదంతా చెప్పుకునే ఘనత.

మొదటి దారి కూడా పూలబాట కాదు. 2007 సెప్టెంబర్ 1న మిషిగన్ యూనివర్సిటీ నాలుగు లక్షల డాలర్లిచ్చి అప్పలాచియన్ స్టేట్ అనే కింది స్థాయి జట్టును పిలిపించుకుంది. లక్షమందికి పైగా ప్రేక్షకుల ముందు 34-32తో ఓడిపోయింది. మిషిగన్ చివరి క్షణంలో కొట్టిన కిక్‌ను అవతలివాళ్లు అడ్డుకున్నారు. ఆ గెలుపుతో దేశమంతా పేరు మోగిన ఆ చిన్న యూనివర్సిటీ 2014లో పై స్థాయిలోకి వచ్చింది.

2014లోనే జాతీయ చాంపియన్‌ను తేల్చడానికి నాలుగు జట్ల ప్లేఆఫ్ మొదలైంది. ఆ నలుగురు ఎవరో ఒక కమిటీ ఎంపిక చేస్తుంది. తొలి ఏడాదే రచ్చ. బేలర్ యూనివర్సిటీ ఒక్క ఓటమితో తన కాన్ఫరెన్స్‌లో అగ్రస్థానం పంచుకుంది. కానీ బయట ఎంచుకున్న మూడు జట్లూ బలహీనమైనవే. కమిటీ ఐదో స్థానంలో పెట్టి తలుపు మూసేసింది. నాలుగో స్థానం ఒహాయో స్టేట్‌కు దక్కింది. ఆ జట్టు బయటి మ్యాచ్‌లో వర్జీనియా టెక్ చేతిలో సొంత మైదానంలోనే ఓడింది. అయినా చివరి మ్యాచ్‌లో విస్కాన్సిన్‌ను 59-0తో చితక్కొట్టి లోపలికి వచ్చింది, టైటిల్ కూడా ఎత్తుకుపోయింది. బయటి మ్యాచ్‌లో ఓటమి కొన్నిసార్లు మెత్తనివాళ్ల మీద గెలుపుల కంటే తక్కువ నష్టం చేస్తుందని ఆ ఏడాది దేశమంతా చూసింది.

మన జిల్లాల వాళ్లకు పనికొచ్చే పాఠం ఇంకో రెండు జట్ల కథలో ఉంది. సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ, సిన్సినాటి యూనివర్సిటీ. రెండూ అప్పట్లో పెద్ద కాన్ఫరెన్స్‌లకు బయటివే. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. కానీ బయటి మ్యాచ్‌ల్లో గట్టిది అనుకున్న జార్జియా టెక్ పోటీ ఇర్మా తుపాను వల్ల రద్దయింది. చూపించుకోవడానికి పెద్ద గెలుపు లేక ప్లేఆఫ్ దరిదాపుల్లోకి రాలేదు. తర్వాత పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ను ఓడించి, మేమే చాంపియన్లమని తనకు తానే ప్రకటించుకుంది. 2021లో సిన్సినాటి ముందే నోటర్‌డామ్‌తో మ్యాచ్ ఖాయం చేసుకుంది. వాళ్ల గడ్డ మీదకే వెళ్లి 24-13తో గెలిచింది. ఆ ఒక్క గెలుపు బలంతో, చిన్న కాన్ఫరెన్స్‌ల నుంచి నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు చేరిన మొదటి జట్టయింది.

రెండు జట్లూ తమ సమూహంలో ఆడిన మ్యాచ్‌లన్నీ గెలిచాయి. ఒకదానికి తలుపు తెరుచుకోవడం, ఇంకోదానికి మూసుకుపోవడం సమూహం బయట ఆడిన మ్యాచ్ మీద ఆధారపడింది. 2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లకు చోటిచ్చారు. తగువు మాత్రం నాలుగో స్థానం నుంచి పన్నెండో స్థానానికి జరిగిందంతే.

చదరంగంలో దొడ్డిదారి

ఎదుటివాడి బలాన్ని లెక్కలో కలపడం తెలిసిన ఆట చదరంగం. తనకంటే ఎక్కువ రేటింగ్ ఉన్నవాడిని ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, తక్కువవాడిని ఓడిస్తే చిల్లర. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్ జాబితాలో 2801కి చేరడం వెనక ఈ చిల్లర కష్టం చాలా ఉంది. పెద్దవాళ్లు పిలుపు టోర్నీలకే పరిమితమైతే, అతను అందరూ ఆడే ఓపెన్ పోటీలకు వెళ్లాడు. అక్కడ ఒక్క డ్రా అయినా రేటింగ్ పోతుంది. గెలుస్తూనే ఉండాలి.

ఇంత చక్కని లెక్కకూ కన్నం ఉంది. రేటింగ్ తేడా 400 దాటితే 400గానే లెక్కగట్టేవారు. దాంతో అగ్రశ్రేణి ఆటగాడికి ఎంత చిన్నవాడి మీద గెలిచినా 0.8 పాయింటు ఖాయం. 2025లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా, ప్రపంచ చాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ అర్హతకు కావలసిన ఆటల సంఖ్య నింపుకోవడానికి లూసియానా, అయోవా రాష్ట్ర స్థాయి పోటీల్లో స్థానిక ఆటగాళ్లతో ఆడాడు. నిబంధనల ప్రకారం తప్పేమీ లేదు. అయినా 2025 అక్టోబర్ నుంచి 2650 పైబడిన వారికి ఆ 400 మినహాయింపును అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) ఎత్తేసింది.

మనకిది కొత్తదేం కాదు

లీగు బయట గట్టి జట్టును వెతుక్కుంటూ వెళ్లడం తెలుగువాళ్లకు పాత విద్య. మద్రాసు తెలుగువాడు ఎం.బుచ్చిబాబు నాయుడు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. తెల్లవాళ్ల మద్రాస్ క్రికెట్ క్లబ్‌లో భారతీయులకు చోటు లేని రోజులవి. మనవాళ్లలో మనవాళ్లు ఆడుకుని సంతోషపడకుండా, భారతీయులకూ ఐరోపావారికీ ముఖాముఖి మ్యాచ్ పెట్టించడానికి ఆయన పట్టుబట్టాడు. 1908లో ఆ మ్యాచ్ జరిగే నాటికి ఆయన కన్నుమూశాడు. కానీ ఆ పోటీ ప్రెసిడెన్సీ మ్యాచ్‌గా ఏటా సంక్రాంతికి జరిగే పండగైంది. ఆయన పేరిట తమిళనాడు సంఘం నడిపే బుచ్చిబాబు టోర్నీ ఇప్పటికీ రంజీకి ముందు జట్లు తమను తాము పరీక్షించుకునే చోటు. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఆ టోర్నీ ఫైనల్లో ఛత్తీస్‌గఢ్‌ను 243 పరుగులతో ఓడించింది. నెల దాటగానే రంజీలో గుజరాత్ చేతిలో ఓడిందంటే, సన్నాహక మ్యాచ్ గెలుపు అసలు సీజన్‌కు హామీ కాదని కూడా ఒప్పుకోవాలి.

హైదరాబాద్‌లో 1930-31లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ మొదలైంది. తొలి ఏడాదే విజయనగరం మహారాజ్‌కుమార్ ఇంగ్లండ్ నుంచి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను తన జట్టులోకి తెచ్చాడు. 1934-35లో వెస్టిండీస్ మేటి లియరీ కాన్‌స్టన్‌టైన్ ఫ్రీలూటర్స్ జట్టుకు ఆడాడు. మన కుర్రాళ్లు రైలెక్కకుండానే ప్రపంచ స్థాయి ఆటను ఎదురుగా చూశారు. 1938లో నవానగర్‌ను ఓడించిన జట్టు ఆ వాతావరణంలో పెరిగిందే. 1970లలో ఆ కప్‌కు ఫస్ట్‌క్లాస్ హోదా పోయింది, మెరుపూ తగ్గింది.

ఫుట్‌బాల్‌లో ఎస్.ఎ.రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును స్థానిక లీగు గెలిచి ఊరుకోనివ్వలేదు. బొంబాయి రోవర్స్ కప్‌కు, ఢిల్లీ డ్యూరాండ్ కప్‌కు తీసుకెళ్లాడు. కలకత్తా దిగ్గజాలతో తలపడింది అక్కడే. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. అదే రహీం శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది.

నూరు కిలోమీటర్ల దూరం

ఇప్పుడు మన జిల్లాల సంగతి. ఉమ్మడి మహబూబ్‌నగర్ ఐదు జిల్లాలైంది, ఉమ్మడి నల్గొండ మూడైంది. క్రికెట్ మాత్రం పాత జిల్లాల పేర్లతోనే నడుస్తోంది. హైదరాబాద్ క్రికెట్ సంఘం కింద రెండు వందలకు పైగా క్లబ్బులున్నాయి. అందులో అత్యధికం జంటనగరాలవే. జిల్లాకు మాత్రం ఒక్కో సంఘం. బ్యాంకులు, రైల్వే, ప్రభుత్వరంగ సంస్థల బలమైన జట్లన్నీ నగరంలోనే. పిల్లలమర్రి దారిలోని మైదానంలో చెమటోడ్చే పాలమూరు కుర్రాడికీ, మేకల అభినవ్ స్టేడియంలో పరుగులు తీసే నల్గొండ కుర్రాడికీ ఏడాదిలో ఎక్కువ మ్యాచ్‌లు దొరికేది తన స్థాయి వారితోనే.

సంక్రాంతికి ఊరూరా టెన్నిస్ బంతి టోర్నమెంట్లు. ఎంట్రీ ఫీజు కట్టిన జట్లన్నీ చుట్టుపక్కల మండలాలవే. తర్వాత జిల్లా లోపల లెదర్ బంతి మ్యాచ్‌లు, చాలాచోట్ల మ్యాట్ మీద. ఆపైన అంతర్ జిల్లా పోటీ. అక్కడి దాకా వచ్చిన కుర్రాడు సెంచరీల జాబితా పట్టుకుని సెలక్షన్‌కు వెళ్తాడు. జడ్చర్ల, షాద్‌నగర్ దాటి, లేదా నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి నూరు కిలోమీటర్లు ప్రయాణిస్తాడు. నెట్‌లో నాలుగు బంతులు ఎదుర్కొంటాడు. సెలెక్టర్ మనసులో ప్రశ్న ఒక్కటే: ‘‘ఈ సెంచరీలు ఎవరి మీద?’’ నగరంలో లీగు ఆడే కుర్రాడు రెండు ముప్ఫైలు చేసినా అవి రంజీ బౌలర్ల మీద చేసినవి. జిల్లా కుర్రాడు నిజంగా మేలైనవాడే కావచ్చు. రుజువు చూపించే మ్యాచ్ మాత్రం అతని జాబితాలో లేదు. సెంట్రల్ ఫ్లోరిడాకు తుపాను చేసిన నష్టాన్ని మన షెడ్యూలు మన పిల్లలకు ఏటా చేస్తోంది.

కాలేజీల్లో ఇది ఇంకా స్పష్టం. నల్గొండ ఎన్జీ కాలేజీ, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీ ఒకప్పుడు ఉస్మానియా పరిధిలోవి. అంతర్ కళాశాలల పోటీల దారిలో నగరపు కాలేజీలు ఎదురయ్యేవి. ఉస్మానియా జట్టులో చోటు కావాలంటే నిజాం కాలేజీ కుర్రాడితో పోటీ పడాలి. నల్గొండకు 2007లో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌కు 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. చదువుకు అది మేలే. దూరం తగ్గింది, సీట్లు పెరిగాయి, యూనివర్సిటీ జట్టులో చోటు సులువైంది. ఆటలో మాత్రం ఎదుటి జట్ల వరుస కుంచించుకుపోయింది. జిల్లా కాలేజీలు తమలో తాము ఆడతాయి. అందులోంచి ఎంపికైన జట్టు ఏడాదికోసారి దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి వెళ్తుంది. అక్కడ మొదటి రౌండ్లు నాకౌట్. మొదటి గట్టి మ్యాచే ఆ ఏడాదికి ఆఖరి మ్యాచ్ అయ్యే ప్రమాదం ఉంది. ఓడి నేర్చుకున్నది మళ్లీ ఆడి చూపించడానికి మరో పన్నెండు నెలలు ఆగాలి. డిగ్రీ మూడేళ్లే.

ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ

దీనికి కొత్త స్టేడియాలు అక్కర్లేదు. లీగు షెడ్యూలు పైవాళ్ల చేతిలో ఉన్నా, దాని బయటి మ్యాచ్‌లు మన చేతిలోనే ఉంటాయి.

పాలమూరు, మహాత్మాగాంధీ యూనివర్సిటీలు ఏటా దక్షిణ మండల పోటీలకు నెలన్నర ముందు ఒకదానితో ఒకటి ఇక్కడో మ్యాచ్, అక్కడో మ్యాచ్ పెట్టుకోవచ్చు. మూడో మ్యాచ్ ఉస్మానియాతో. అమెరికాలో పెద్ద యూనివర్సిటీ చిన్నదానికి డబ్బిచ్చి పిలుస్తుంది. ఇక్కడ రాష్ట్ర సంఘం, బలమైన సంస్థల జట్లను ఖాళీ వారాల్లో బస్సెక్కించి మహబూబ్‌నగర్‌కూ నల్గొండకూ పంపాలి. రెండు రోజుల బస, భోజనం ఖర్చు ఒక టీ20 మ్యాచ్ హంగులతో పోలిస్తే ఏపాటిది? మంచి బంతిని, మంచి పిచ్‌ను జిల్లా కుర్రాడు చూస్తాడు. మారుమూల ప్రతిభను ఆ జట్టు కోచ్ చూస్తాడు.

సెలక్షన్ కాగితంలో పరుగులు, వికెట్ల పక్కన మరో గడి చేర్చాలి: ఎవరి మీద? జిల్లా లోపలి మ్యాచా, అంతర్ జిల్లానా, నగర లీగు జట్టుతోనా? కంప్యూటర్ లెక్కలు లేకపోయినా ఈ ఒక్క గడి చాలా అన్యాయాన్ని ఆపుతుంది. జిల్లా కుర్రాడు నగర జట్టు మీద చేసిన నలభై, మండల జట్టు మీద చేసిన నూట యాభై కంటే పైన కనిపించాలి.

జాగ్రత్త కూడా అవసరమే. మేఘాలయను ముంబయి ముందు నిలబెట్టినట్టు పదహారేళ్ల పిల్లలను ఒకేసారి రంజీ బౌలర్ల ముందుకు తోస్తే భయం తప్ప ఏమీ మిగలదు. చాలామంది అమెరికా కోచ్‌లు బయటి మ్యాచ్‌ల్లో ఒకటి తమకంటే బలమైనది, ఒకటి సమానమైనది, ఒకటి తేలికైనది కలుపుకుంటారు. ఆ పాళ్లు మనకూ సరిపోతాయి. తేలిక మ్యాచ్ కొత్తవాడికి ధైర్యం ఇస్తుంది, సమాన మ్యాచ్ జట్టును కూడగడుతుంది, కష్టమైన మ్యాచ్ లోపాన్ని చూపిస్తుంది.

జిల్లా అధికారులకూ, కాలేజీ యాజమాన్యాలకూ ఓటమి అంటే పరువు సమస్య. కప్పుతో ఫొటో కావాలి, పేపర్లో రావాలి. అందుకే గెలిచే టోర్నీలకే జట్లను పంపుతారు. ఆ కప్పుల వరుస ప్రిన్సిపాల్ గది అలమారా నింపుతుంది, కుర్రాడిని మాత్రం జిల్లా సరిహద్దు దాటించదు. ఉస్మానియా చేతిలో మూడు వికెట్లతో ఓడిన ఎన్జీ కాలేజీ కుర్రాడు, పక్క కాలేజీని పది వికెట్లతో ఓడించిన రోజు కంటే ఎక్కువ నేర్చుకుని ఇంటికి వస్తాడు. వచ్చే సీజన్ షెడ్యూలు రాసేటప్పుడు యూనివర్సిటీ క్రీడా విభాగాలు మొదట ఖాయం చేసుకోవాల్సింది ఆ ఓడిపోయే అవకాశం ఉన్న మ్యాచ్‌నే.